మీరెప్పుడొచ్చారు ఇక్కడికి?

సంక్రాంతి అయిన రెండు వారాలకు తెనాలి నుంచి నా స్నేహితుడు మా ఇంటికి వచ్చినాడు. శుక్రవారం రాత్రి రావడం, ఆదివారం మధ్యాహ్నం పోవడం. బెంగళూరులో ఒకే టీములో నాలుగేళ్ళు పనిచేసినాం. అతను కోడు రాసేవాడు, నేను అందులో తప్పులు పట్టేవాడిని. అయినా స్నేహం చెడలేదు. ఇప్పుడు అతను హైదరాబాదులో ఉన్నాడు, నేను బళ్ళారిలో ఇంటి నుంచే పని చేస్తాను. హంపి చూడాలని బయలుదేరినాడు. హంపి మా ఊరికి గంటన్నర దారి. కానీ చివరికి హంపికి పోనేలేదు. ఎందుకు పోలేదో చెప్పడానికే ఇదంతా.

రాకముందు ఫోనులో ఒక మాట అడిగినాడు. "ఒరేయ్, బళ్ళారి రాఘవ అంటారు కదా, ఆ బళ్ళారి, మీ బళ్ళారి ఒకటేనా?" నేను కాసేపు నోరు మెదపలేదు. తెనాలి వాడు, నాటకాల ఊరి వాడు, వాళ్ళ ఇంట్లో పద్యం పాడని పెద్దాయన లేడని చెప్పుకునే వాడు. రాఘవ పేరు తెలుసు, పేరుకు ముందున్న ఊరు ఎక్కడుందో తెలీదు. అతని తప్పు కాదు. తెలుగు పుస్తకాల్లో బళ్ళారి ఒక ఇంటిపేరుగా మిగిలిపోయింది. కర్ణాటక మ్యాపులో అదే ఊరు ఇనుప ఖనిజానికి, జీన్సు ప్యాంట్లకు పేరు. రెండూ ఒకటేనని ఎవరూ కలిపి చెప్పరు.

అమ్మకు వేరే దిగులు. "కోస్తా అబ్బాయి గదా, మన మాటలు ఆ పిల్లోనికి అర్థమైతాయా? ఏం వండేది?" అని రెండు రోజుల ముందు నుంచీ అడుగుతానే ఉంది. అన్నం, పప్పు, పెరుగు చాలు అన్నాను. ఆమె వినలేదు. జొన్నరొట్టె, ఎణ్ణెగాయి, గురెళ్ళ పొడి, పచ్చి ఉల్లిగడ్డ, వెన్న అన్నీ సిద్ధం చేసింది. స్టేషను నుంచి తీసుకొచ్చేసరికి రాత్రి తొమ్మిదిన్నర. వాకిట్లో కాళ్ళు కడుక్కోనిచ్చి, "రా నాయనా, దావలో ఏమన్నా తిన్నావా? అట్ల కూచో" అంది. అతను నా వైపు చూసి "దావ అంటే?" అని మెల్లగా అడిగినాడు. దారి రా, దారి.

అతను అమ్మను "ఆంటీ గారూ" అన్నాడు, మా పెద్దత్తను "మామ్మగారూ" అన్నాడు. ఎనభై దాటిన మా పెద్దత్త ఆ పిలుపు ఎప్పుడూ విని ఉండదు. మా వైపు ముసలామెను అవ్వ అంటాం. "మామ్మ అంట నేను!" అని రెండు రోజులూ నవ్వుకుంటానే ఉంది. రొట్టె ఎలా తుంచాలో తెలీక అతను రెండు చేతులూ వాడినాడు. అమ్మ చూడనట్టే ఊరుకుంది. గురెళ్ళ పొడి మాత్రం మూడుసార్లు వేయించుకున్నాడు.

రెండో రొట్టె మధ్యలో అడిగినాడు, చాలా మామూలుగా. "ఇంతకీ అంకుల్, మీరెప్పుడొచ్చారు ఇక్కడికి?"

నాయన అన్నం కలుపుతూ ఆగిపోయినాడు. ఏదో చెప్పబోయి, "చాలా ముందప్పా" అని ఊరుకున్నాడు.

ఈ ప్రశ్న మనలాంటి ఇళ్ళలో అందరికీ తగిలే ఉంటుంది. హోసూరులోనో, బరంపురంలోనో, షోలాపూరులోనో ఉన్నవాళ్ళను కూడా చుట్టాలు, ఆఫీసులో వాళ్ళు అడిగే మాటే ఇది. అడిగేవాళ్ళలో ఏ దురుద్దేశమూ ఉండదు. కానీ అందులో ఒక లెక్క ముందే జరిగిపోయి ఉంటుంది: తెలుగువాళ్ళు అక్కడ ఉండాలి, మీరు ఇక్కడున్నారు, కాబట్టి ఎప్పుడో ఒకప్పుడు వచ్చి ఉండాలి. నేను టెస్టరుని. తప్పు ఇన్‌పుట్ ఇచ్చి సరైన జవాబు అడిగితే ప్రోగ్రాము ఎట్లా నీళ్ళు నములుతుందో రోజూ చూస్తాను. ఆ రాత్రి నాయన ముఖంలో అదే కనిపించింది.

నిజానికి మా వాళ్ళు కదలలేదని కూడా నేను చెప్పలేను. మా ముత్తాత వాళ్ళ నాన్న తాడిపత్రి వైపు నుంచి బళ్ళారికి వచ్చినాడని ఇంట్లో చెప్పుకుంటారు. కానీ ఆయన వచ్చినప్పుడు తాడిపత్రి బళ్ళారి జిల్లాలోనే ఉండేది. 1800లో నిజాం ఈ సీమనంతా కుంపిణీ వాళ్ళకు వదిలేసినాడు. అందుకే దత్తమండలం అన్నారు. థామస్ మన్రో దీనికి మొదటి ప్రిన్సిపల్ కలెక్టరు. ఆ తర్వాత గుత్తి, తాడిపత్రి, అనంతపురం, ధర్మవరం అన్నీ బళ్ళారి జిల్లా కిందే చాలా కాలం నడిచినాయి. 1882లో గానీ అనంతపురం జిల్లా విడిగా ఏర్పడలేదు. అంటే మా పెద్దాయన ఒక తాలూకా నుంచి జిల్లా కేంద్రానికి వచ్చినాడు, అంతే. ఇప్పుడు కావలి నుంచి నెల్లూరుకు పోయిన వాళ్ళను "మీరెప్పుడొచ్చారు ఇక్కడికి" అని ఎవరన్నా అడుగుతారా?

ఇది ఆ రాత్రి నాకు తోచలేదు. మరుసటి రోజు తోచింది.

శనివారం పొద్దున హంపికి కారు మాట్లాడి పెట్టినాను. డ్రైవరు పదింటికి వస్తానన్నాడు. ఆలోగా ఊరు చూపిద్దామని ఆరున్నరకే బయలుదేరదీసినాను. మొదట ఒగ్గరణె, మిరపకాయ బజ్జి. బొరుగులు నానబెట్టి తిరగమాత వేసి, పుట్నాల పొడి చల్లి ఇచ్చేది. "ఇది ఉగ్గాణి కదరా! కర్నూల్లో తిన్నాను" అన్నాడు. అవును. బండివాడు కన్నడంలో పిలిస్తే ఒగ్గరణె, గుంతకల్లు దాటితే ఉగ్గాణి. మధ్యలో ఉండేది సుమారు 50 కిలోమీటర్లు, ఒక రాష్ట్రం బోర్డు.

తర్వాత కోట. బళ్ళారి గుట్ట మీద పైకోట హనుమప్ప నాయకుడు కట్టించినది. తర్వాత హైదర్ అలీ చేతికి వచ్చింది. హైదర్ ఒక ఫ్రెంచి ఇంజనీరును పెట్టి కోటను బలపరిపించినాడని, పని అంతా అయ్యాక చూస్తే ఎదురుగా ఉన్న కుంబార గుడ్డ ఇంకా ఎత్తుగా ఉందని, అక్కడ నుంచి ఫిరంగి పేలిస్తే కోట నిలవదని తెలిసి ఆ ఇంజనీరును కోట వాకిలి దగ్గరే ఉరి తీయించినాడని ఊళ్ళో చెప్పే కథ. నేనెప్పుడు చెప్పినా మా ఆఫీసు వాళ్ళు పెద్దగా నవ్వుతారు. రిక్వైర్‌మెంట్ సరిగ్గా చదవని వాడి గతి అని. ఇతను కూడా నవ్వినాడు. మెట్లు ఎక్కి ఆయాసపడి, పైన కూర్చుని, ఊరు చూసి, "రాఘవ ఇల్లెక్కడ?" అన్నాడు.

రాఘవ కళామందిరం దగ్గరికి తీసుకుపోయినాను. రాఘవ మెమోరియల్ అసోసియేషన్ వాళ్ళది. ఇప్పటికీ అక్కడ నాటకాలు జరుగుతాయి, కన్నడంలోనూ తెలుగులోనూ. ఆ పొద్దున హాలు మూసి ఉంది. మేము బయట అరుగు మీద కూర్చున్నాం. అక్కడే రెండు గంటలు గడిచిపోయినాయి. డ్రైవరు ఫోను చేస్తే మధ్యాహ్నం రమ్మన్నాను.

అక్కడ కూర్చుని నేను చెప్పినదంతా నాకు పుస్తకాల నుంచి సగం, పెద్దత్త నుంచి సగం వచ్చినదే. బళ్ళారి అప్పుడు మద్రాసు రాజధానిలో పెద్ద ఊళ్ళలో ఒకటి. ఒక వైపు దండు, ఇంకో వైపు పత్తి వ్యాపారం, జిల్లా కోర్టులు. కోర్టులుంటే వకీళ్ళు ఉంటారు, సాయంత్రం వాళ్ళకు తీరిక ఉంటుంది. తెలుగు నాటకం ఇక్కడ వకీళ్ళ చేతుల్లో పెరిగింది. ధర్మవరం కృష్ణమాచార్యులు (1853-1912) ఇక్కడ వకీలు. సరసవినోదినీ సభ పెట్టి, తానే నాటకాలు రాసి, తానే ఆడి, ఊరికి నేర్పినాడు. తెలుగులో విషాదాంతంగా నాటకం నడపవచ్చని 'విషాద సారంగధర'తో చూపించినాడు. ఆంధ్ర నాటక పితామహుడని బిరుదు. కోలాచలం శ్రీనివాసరావు (1854-1919) కూడా వకీలే. ఆయన హంపి పక్కన కమలాపురంలో పుట్టినాడు. సుమనోరమ సభ ఆయనది. విజయనగరం ఎట్లా కూలిందో 'రామరాజు చరిత్ర'గా రాసినాడు. విజయనగరం శిథిలాల మధ్య పుట్టినవాడు ఆ కథే రాయడంలో ఆశ్చర్యం ఏముంది. రెండు సభలకూ పోటీ. ఒక ఊళ్ళో ఇద్దరు తెలుగు నాటక కర్తలు, రెండు సభలు, అదీ ఇవాళ కర్ణాటకలో ఉన్న ఊళ్ళో.

ఇంక రాఘవ. అసలు పేరు తాడిపత్రి రాఘవాచార్యులు, 1880లో తాడిపత్రిలో పుట్టినాడు, ధర్మవరం కృష్ణమాచార్యులకు మేనల్లుడు. మద్రాసులో లా చదివి బళ్ళారిలో వకీలు అయినాడు. పేరులో తాడిపత్రి పోయి బళ్ళారి చేరింది. 'రామరాజు చరిత్ర'లో పఠాన్ రుస్తుం వేషం ఆయనకు పెద్ద పేరు తెచ్చింది. తెలుగు, కన్నడ, హిందీ, ఇంగ్లీషు నాటకాల్లో ఆడినాడు. ఇక్కడ ఒక మాట. ఇన్ని భాషల్లో ఆడడం గొప్ప అని పుస్తకాల్లో రాస్తారు. బళ్ళారిలో పెరిగిన వాళ్ళకు అది అంత వింత కాదు. మా వీధిలో కూరగాయల బండి దగ్గర రోజూ మూడు భాషలు నడుస్తాయి. వింత ఏమిటంటే నాలుగింటిలోనూ నటించి మెప్పించడం. 1927లో గాంధీజీ బెంగళూరు, నంది కొండ వైపు విశ్రాంతికి వచ్చినప్పుడు రాఘవ 'దీనబంధు కబీరు' చూసినాడు. సినిమాల్లో కూడా కొద్దిగా కనిపిస్తాడు. 1939లో వచ్చిన గూడవల్లి రామబ్రహ్మం 'రైతుబిడ్డ'లో ఉన్నాడు. 1946లో పోయినాడు.

ఆడవేషాల దగ్గరికి వచ్చేసరికి మా ఇద్దరికీ గొడవ అయింది. రాఘవ ఆడవేషాలు ఆడవాళ్ళే వేయాలని పట్టుబట్టినాడు, కొమ్మూరి పద్మావతీదేవి లాంటి వాళ్ళతో కలిసి ఆడినాడు. తెనాలి వాడికి ఇది గిట్టలేదు. తెనాలి రామవిలాస సభలో స్థానం నరసింహారావు గారు ఆడవేషం వేస్తే ఆడవాళ్ళు చీర కట్టు నేర్చుకునేవాళ్ళు, మా తాత స్వయంగా చూశాడు, నీకేం తెలుసు అన్నాడు. స్థానం గొప్పవాడే, కాదని ఎవరన్నారు. కానీ ఆడవాళ్ళను స్టేజి ఎక్కించడానికి ఆ రోజుల్లో ఎంత ధైర్యం కావాలో చూడు అన్నాను. అరుగు మీద కూర్చుని ఇద్దరం చూడని నాటకాల గురించి ముప్పావు గంట కొట్లాడుకున్నాం. పక్కన పూలమ్మే ఆమె మా ఇద్దరినీ వింతగా చూసింది. అతని తెలుగు ఆమెకు సినిమా తెలుగులా వినిపించి ఉంటుంది.

గొడవ మధ్యలో నాకు గుర్తొచ్చింది. "మా తాతవి నాటకం పుస్తకాలు ఉన్నాయి రా, చూస్తావా?" అన్నాను. అతను లేచి నిలబడినాడు. హంపి అప్పుడే పోయిందనుకుంటాను.

తాత పత్తి ప్రెస్సులో గుమాస్తా. నాటకాల్లో చిన్న వేషాలు వేసేవాడు: ద్వారపాలకుడు, రెండో మంత్రి, ఒకసారి ముని. రాఘవను దగ్గర నుంచి చూసినాడట, కానీ పక్కన నిలబడే అదృష్టం రాలేదని పెద్దత్త అంటుంది. ఆయన పోయినప్పుడు నాకు నాలుగేళ్ళు. ట్రంకు పెట్టెలో ఒక పుస్తకం మిగిలింది. అట్ట ఊడిపోయిన పొడుగాటి లెక్కల పుస్తకం. మొదటి పేజీల్లో ఆయన పోర్షన్లు రాసుకున్నాడు. పోర్షన్ అంటే నటుడికి తన మాటలు, అవి ఎప్పుడు అందుకోవాలో తెలియడానికి అవతలి వాడి మాటల చివరి ముక్క, అంతే. నాటకం మొత్తం రాసుకునేంత కాగితం ఎక్కడిది?

ఈ పుస్తకం మా ఇంట్లో దేవుడి గూటి పక్కన ఉంటుంది. దసరాకు పసుపు కుంకుమ పెడతాం. చదివింది మాత్రం ఎవరూ లేరు. ఇది రాయడానికి సిగ్గుగానే ఉంది. పెద్దత్త చిన్నప్పుడు తెలుగు బడికి పోయింది, కానీ ఇప్పుడు చూపు ఆనదు. నాయన 1956లో పుట్టినాడు, ఆయనను కన్నడ బడిలో వేసినారు. నన్ను కూడా కన్నడ మీడియంలోనే. పదో తరగతి దాకా నేను రాసిన తెలుగు అక్షరం ఒక్కటి లేదు. తెలుగు చదవడం నాకు బళ్ళారి బస్టాండులో వచ్చింది, ఆంధ్ర బస్సుల బోర్డులు చూసి. కన్నడం తెలిసినవాడికి అది కష్టం కాదు. కన్నడంలో తలకట్టు అడ్డగీతలా పడుకుంటుంది, తెలుగులో టిక్కు మార్కులా నిలబడుతుంది. త, శ లాంటివి కొన్ని తికమక పెడతాయి. అచ్చులో అయితే సర్దుకోవచ్చు. కానీ డెబ్భై ఏళ్ళ కిందటి గుమాస్తా చేతిరాత, గొలుసుకట్టుగా, సిరా పాలిపోయి ఉంటే? నాకు అందులో అంకెలు తప్ప ఏమీ తెలిసేది కాదు.

స్నేహితుడు భోజనం అయ్యాక చేతులు తుడుచుకుని, నడవలో వెలుతురుకు కూర్చుని తెరిచినాడు. మొదట తడుముకున్నాడు. నాలుగో పేజీకి తాత చేయి అతనికి పట్టుబడింది. ద్వారపాలకుడి మాటలు గట్టిగా చదివితే పెద్దత్త కళ్ళు మూసుకుని వింది. రెండుచోట్ల అతని కంటే ముందే తర్వాతి మాట తానే అందించింది. తాత ఇంట్లో పాఠం వల్లె వేస్తుంటే విన్నదట. ఆమె గుర్తు పెట్టుకుందని మాకెవరికీ తెలీదు. మేము ఎప్పుడూ అడగలేదు కదా.

పుస్తకాన్ని వెనక వైపు నుంచి తిప్పితే ఇంకో లెక్క మొదలైంది. "ఇది నాటకం కాదురా" అన్నాడు. "అతిథుల పట్టీ."

బయటి ఊరి నటులు, హార్మోనియం వాళ్ళు వచ్చినప్పుడు మా తాత లాంటి చిన్న సభ్యుల ఇళ్ళలో దిగేవాళ్ళట. హోటలుకు డబ్బులెక్కడివి. ఎవరు ఏ ఊరి నుంచి, ఏ బండికి, ఎన్ని రాత్రులు, ఎన్ని భోజనాలు అన్నీ తాత రాసినాడు. చుట్టాలు వచ్చినా అందులోనే. పేర్లు చాలా తక్కువ, ఊర్లే ఎక్కువ. "ఆదోని నుంచి ఇద్దరు. రాత్రి బండి. భోజనాలు ఆరు. ఒకరికి కారం పనికిరాదు." "తాడిపత్రి హార్మోనియం ఆయన. మూడు రాత్రులు. పొద్దున వేడినీళ్ళు, మిరియాల కషాయం." "గుంతకల్లు నుంచి ఐదుగురు. చాపలు పక్కింటివి." చాపలు తిరిగి ఇచ్చినట్టు పక్కన ఒక టిక్కు. రాయదుర్గం, ఆలూరు, గుత్తి, హోస్పేట, సిరుగుప్ప. ఒక హోస్పేట మనిషి పక్కన "కన్నడం వారు, మంచి గొంతు" అని రాసి ఉంది. 1947 నుంచి 1953 దాకా పట్టీ ఏడు పేజీలు.

అమ్మ వంటింట్లో నుంచి వచ్చి నిలబడి వింటోంది. "ఐదుగురికి ఈ ఇంట్లో ఎట్ల పండబెట్టినారో!" అంది. అప్పుడు ఇల్లు ఇంకా చిన్నది, ఇప్పుడున్న మేడ లేదు. అవ్వ ఒక్కతే వండేది. ఆమె పేరు పట్టీలో ఎక్కడా లేదు, అది కూడా చెప్పుకోవాలి. నాటకం వాళ్ళ చరిత్రలు చాలా చదివినాను ఈమధ్య. ఎవరికి ఏ బిరుదు వచ్చింది, ఎవరు ఏ మెడలు అందుకున్నారు అని రాస్తారు. ఆ మెడలు వేసుకున్న వాళ్ళు ఆ రాత్రి ఎవరి ఇంట్లో పడుకున్నారో, పొద్దున ఎవరు వేడినీళ్ళు కాచినారో ఉండదు.

చివరి పేజీలో ఒకచోట స్నేహితుడు ఆగినాడు. "1953 సెప్టెంబరు 30. ఆదోని బావ. ఒక రాత్రి. భోజనాలు రెండు అని రాసి, రెండు కొట్టేసి ఒకటి అని దిద్దారు. ఎందుకు?"

పెద్దత్త కళ్ళు తెరిచింది. "మా మామ" అంది.

ఆ తేదీ ఎందుకంత పెద్దదో చెప్పాలంటే కొంచెం వెనక్కి పోవాలి. పొట్టి శ్రీరాములు 58 రోజుల నిరాహారదీక్ష తర్వాత 1952 డిసెంబరు 15న పోయినాడు. నాలుగు రోజులకు నెహ్రూ ఆంధ్ర రాష్ట్రం ఇస్తామని ప్రకటించినాడు. అక్కడి నుంచి బళ్ళారికి తలనొప్పి మొదలైంది. జిల్లాను చీల్చాలి. ఆదోని, ఆలూరు, రాయదుర్గం తాలూకాలు ఆంధ్రకు, మిగిలినవి మైసూరుకు అని కేంద్రం చెప్పేసింది. బళ్ళారి తాలూకా ఒక్కటీ ఎటూ తేలలేదు. ఊళ్ళో తెలుగు, కన్నడం, ఉర్దూ కలగలిసి ఉంటే ఎట్లా తేలుతుంది? జస్టిస్ మిశ్రాను పంపినారు. రెండు వైపుల వాళ్ళూ ఆయన ముందు వాదించుకున్నారు. భాష ఒక్కటే కాదు, తుంగభద్ర నీళ్ళు కూడా. అదే 1953లో ఆనకట్టకు నీళ్ళు నిలిచినాయి. ఆనకట్ట హోస్పేట దగ్గర, కాలువలు బళ్ళారి మీదుగా పోయి అనంతపురం, కర్నూలు జిల్లాలకు. చివరికి బళ్ళారి తాలూకా కూడా మైసూరుకే పోయింది. 1953 అక్టోబరు 1న కర్నూలు రాజధానిగా ఆంధ్ర రాష్ట్రం పుట్టింది. అదే రోజు బళ్ళారి మద్రాసు రాష్ట్రం వదిలి మైసూరులో కలిసింది. ఆ గొడవల్లో ప్రాణం పోగొట్టుకున్న రంజాన్ సాబ్ పేరు కన్నడం వాళ్ళు ఇప్పటికీ తలుచుకుంటారు, బళ్ళారి వాళ్ళు మరీనూ.

ఆ రోజులు పుస్తకాల్లో చదివితే రెండు జెండాలు కనిపిస్తాయి. మా పెద్దత్త చెప్పినది వేరు. ఆమెకు అప్పుడు తొమ్మిదేళ్ళు.

ఆదోని మామ అంటే మా అవ్వకు అన్న. బళ్ళారి ఆంధ్రలోనే ఉండాలని సంతకాలు సేకరించిన మనిషి. సెప్టెంబరు 30 రాత్రి గుంతకల్లులో బండి మారి వచ్చినాడు. ఎందుకు వచ్చినాడో ఆమెకు తెలీదు, ఆఖరి రాత్రి చెల్లెలి ఇంట్లో ఉండాలనుకున్నాడేమో. అన్నం తిన్నాక తాతకూ ఆయనకూ మాటామాటా పెరిగింది. మామ "నువ్వు ఒక్క సంతకం పెట్టలేదు" అన్నాడట. తాత "నేను పెట్టను బావా. ఆ పక్కింటి చాపలు కన్నడం వాళ్ళవి" అన్నాడట.

అది జవాబా? ఆ వయసులో ఆమెకు అర్థం కాలేదు. మామకు అర్థమైంది. తెల్లవారి టిఫిను ముట్టుకోకుండా స్టేషనుకు పోయినాడు. అవ్వ ఆకులో కట్టి ఇస్తే అరుగు మీద పెట్టేసి పోయినాడు. వచ్చినప్పుడు మద్రాసు రాష్ట్రంలో దిగినాడు, మైసూరు రాష్ట్రంలో బండెక్కి ఆంధ్ర రాష్ట్రంలో ఇల్లు చేరినాడు. దారి మాత్రం పాతదే, గుంతకల్లులో బండి మారడమే.

"మళ్ళీ వచ్చినాడా?" అని నాయన అడిగినాడు. ఈ కథ ఆయన కూడా మొదటిసారి వింటున్నాడు. "నీ పేరు పెట్టే నాటికి వచ్చినాడు. రాత్రి ఉండలేదు" అంది పెద్దత్త.

తాత ఆ మామను తప్పు పట్టినాడని నేననుకోను. తాత భయపడి సంతకం పెట్టలేదని అనేవాళ్ళు కూడా ఉంటారు. కావచ్చు, ప్రెస్సులో నౌకరీ ఆయనది. కానీ భోజనాల లెక్క దిద్దినాడు. పుస్తకంలో ఇంకెక్కడా ఒక్క కొట్టివేత లేదు, స్నేహితుడు వెనక్కి తిప్పి చూసి మరీ చెప్పినాడు. ఆ తర్వాత పట్టీలో నాలుగు పంక్తులే ఉన్నాయి. నాటకాలు ఆగిపోలేదు, ఊళ్ళో నడుస్తూనే వచ్చినాయి. మా ఇంట్లో దిగేవాళ్ళు తగ్గిపోయినారు. మూడేళ్ళకు నాయన పుట్టినాడు. ఆయన బడి ఈడుకు వచ్చినప్పుడు తాతే చేయి పట్టుకుని కన్నడ బడికి తీసుకుపోయినాడు. ఇక్కడ ఉద్యోగం ఇక్కడి అక్షరంలో వస్తుందని. మేము తెలుగు పోగొట్టుకున్నామని ఎవరైనా అంటే నాకు ఇంతకుముందు కోపం వచ్చేది. ఇప్పుడు ఆ కోపం ఎవరి మీదో తెలీడం లేదు. ఆ రాత్రి ఇద్దరూ చెప్పిన దాంట్లో న్యాయం ఉంది. నాయన తన పిల్లలకు కూడా అదే చేసినాడు. నాకేమీ తక్కువ కాలేదు, కువెంపును, బేంద్రెను చదువుకున్నాను, అది నాది కాదని ఎవరన్నా అంటే ఒప్పుకోను. కానీ తాత పుస్తకానికి నలభై ఏళ్ళు పసుపు కుంకుమ పెట్టి, చదవడానికి తెనాలి నుంచి మనిషి రావలసి వచ్చింది.

సాయంత్రం ఆరైంది. కారు డ్రైవరు రెండోసారి ఫోను చేసి విసుక్కున్నాడు. హంపి ఇంక ఎక్కడ. 2021లో హంపి, హోస్పేట విజయనగర జిల్లా అయిపోయినాయి, ఇప్పుడు అది మా జిల్లా కూడా కాదు. "పక్క జిల్లావాళ్ళది, మళ్ళీ చూద్దువులే" అన్నాను. నవ్వినాడు.

రాత్రి భోజనం దగ్గర నాయన తానే ఎత్తినాడు. "నిన్న అడిగినావు గదా నాయనా, ఎప్పుడొచ్చినారని." స్నేహితుడు సిగ్గుపడి "వదిలేయండి అంకుల్" అన్నాడు. నాయన వదల్లేదు. తాడిపత్రి, 1882, 1953 అన్నీ తన లెక్కలో చెప్పుకొచ్చినాడు. సగం కన్నడంలో పోయింది, నేను మధ్యలో అందించినాను. అతను చివరిదాకా విన్నాడు. తర్వాత తెనాలి సంగతి ఒకటి చెప్పినాడు, వాళ్ళ ముత్తాత పల్నాడు నుంచి వచ్చినవాడట. కానీ వాళ్ళను ఆ మాట ఇంతవరకూ ఎవరూ అడగలేదట.

ఆదివారం పొద్దున పుస్తకం మొత్తం ఫోనులో ఫోటోలు తీసుకున్నాడు. పేజీకి ఒకటి, నేను లైటు పట్టుకున్నాను. రోజుకు ఒక పేజీ చదివి రికార్డు చేసి పంపుతానన్నాడు, ఇప్పటికి పదకొండు వచ్చినాయి. నేను విని అచ్చులో టైపు చేస్తున్నాను. రెండు మాటల దగ్గర ఇద్దరమూ ఆగిపోయినాం, పెద్దత్తకు ఫోనులో వినిపిస్తే ఒకటి చెప్పింది. అది అప్పటి పత్తి ప్రెస్సు మాట, బేలుకు కట్టే పట్టీకి ఏదో పేరు.

మీ ఇళ్ళలో ఇలాంటి పుస్తకం ఉండి చదవలేకపోతే, ముందు ఇంట్లో పెద్దవాళ్ళ ముందు గట్టిగా చదివించండి, ఎవరితోనైనా సరే. మా పెద్దత్త మాటలు అందించడం నేను ఇంకా మరచిపోలేదు.

మధ్యాహ్నం బండికి అమ్మ నాలుగు జొన్నరొట్టెలు, గురెళ్ళ పొడి ఆకులో కట్టి, పైన కవరులో పెట్టి ఇచ్చింది. అతను సంచిలో పెట్టుకునేదాకా పెద్దత్త వాకిట్లో నిలబడి చూసింది. స్టేషను నుంచి నేను తిరిగొచ్చేసరికి నాయన తాత పుస్తకం వెనక పేజీ తెరిచి, పెన్ను పట్టుకుని కూర్చున్నాడు. తనకు తెలుగు రాయడం రాదు, నన్ను రాయమన్నాడు. చివరి పంక్తి కింద రాసినాను: "తెనాలి నుంచి ఒకరు. రెండు రాత్రులు. భోజనాలు నాలుగు, టిఫిన్లు రెండు. రొట్టెలు కట్టి ఇచ్చినాము, తీసుకుపోయినారు."

ఫోటో తీసి అతనికి పంపినాను. గుంతకల్లు దాటినాక జవాబు వచ్చింది. 'త' కన్నడ 'త' లాగా రాశావు అన్నాడు.